నీ మట్టి నా పెరట్లో వద్దు

నర్సుల క్వార్టర్స్,
ఎండలు ముదరక ముందు.

అక్కకి,

ఫోన్‌లో మనిద్దరం మూడో మాటకే గొడవ పడతాం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీదైతే నువ్వు నన్ను మధ్యలో ఆపలేవు. పూర్తిగా చదివి, ఆ తర్వాత తిట్టు.

నాన్న పంచి ఇచ్చిన నా ముక్కలో ఇల్లు కట్టుకుందామనుకుంటున్నాను. అవును, మేకలు కూడా జారిపడతాయని నువ్వు వెక్కిరించే, మీ ఇంటి పక్కనున్న ఆ వాలు ముక్కలోనే. నా ఉద్యోగం ఇంకెంతో కాలం లేదు. రిటైరైన వెంటనే ఈ క్వార్టర్స్ ఖాళీ చేయాలి. ఇన్నేళ్ళు వార్డుల్లో తిరిగి కూడబెట్టింది ఒక్క ఇంటికి సరిపోతుంది, అదీ జాగ్రత్తగా కడితేనే. మధ్యలో ఆగిపోయిందంటే మళ్ళీ మొదలుపెట్టడానికి నా దగ్గర ఇంకేమీ మిగలదు.

మా ఆసుపత్రి కొత్త బ్లాకు కట్టిన ఇంజనీరు ఒకాయన ఇప్పుడు మనవైపే పనులు చేయిస్తున్నారు. చేతిలో వాలు కొలిచే లెవెల్ పట్టుకోకుండా ఎవరితోనూ మాట్లాడరు కాబట్టి మేమంతా ఆయన్ని లెవెల్ గారు అనేవాళ్ళం. ఆయన స్థలం చూశారు. వాలు స్థలంలో డబ్బు ఇంటికంటే ముందు నేలే తినేస్తుందట. కొండను తవ్వాలి, తవ్విన మట్టి మోయించాలి, వెనక నిలబడ్డ మట్టి కూలకుండా గోడ కట్టాలి, పైనుంచి వచ్చే వాననీళ్ళకి కాలవ తీయాలి. ఇదంతా అయ్యాక ఇటుక మీద ఇటుక పెట్టడానికి చూస్తే సంచి ఖాళీ అవుతుందన్నారు.

నేను మాత్రం నీ పెరడు ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తుకి కొండను తవ్వించి చదును చేయించమన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. నేను మొండికేశాను. ఎందుకు మొండికేశానో ఇల్లు పూర్తయ్యాక నీకే తెలుస్తుంది, ఇప్పుడు అడగొద్దు.

ఇక నీతో పని. తవ్విన మట్టిలో ఎక్కువ భాగం నీ పెరట్లో పోయించుకుంటావా? ప్రతి వానకీ నీ పెరట్లో నీళ్ళు నిలుస్తాయి కదా, ఆ పల్లం పూడిపోతుంది. నీకు పైసా ఖర్చు లేదు. నాకు మోత ఖర్చు మిగులుతుంది. ఆ మిగిలినదాంతో నా ఇంటికి పైకప్పు పడుతుంది. అంత తేడా ఉంది ఇందులో.

ఇంటి ప్లాను బొమ్మ కూడా పంపుతున్నాను. బావగారికి చూపించు.

నీ చెల్లి

*

కింది ఇల్లు,
కుట్టు మిషను పక్కన కూర్చుని.

చెల్లికి,

ఉత్తరం అందింది. నేను చదువుకుని, తర్వాత మీ బావకి వినిపించాను. ఆయన సంబరం చూడాలి. ఇల్లు పక్కనే వస్తుందన్నమాట అని నడవలో అటూ ఇటూ తిరిగారు. మన గోడలకి రంగు వేయించండి మహానుభావా అని ఏడాది నుంచి మొత్తుకుంటున్నాను, దానికి మాత్రం ఆయన కాలు కదలదు. నీ ఇల్లు అనేసరికి కాళ్ళకి చక్రాలు వచ్చాయి. నాకు ఒళ్ళు మండిపోయింది.

నువ్వు ఇల్లు కట్టుకోవడం నాకు సంతోషమే. కాదని ఎవరన్నారు.

కానీ మట్టి సంగతి కుదరదు. మట్టి పోస్తే దుమ్ము లేస్తుంది. నేను కుట్టే బట్టలు తెల్లవి, పెళ్ళివాళ్ళవి, ఆ దుమ్ము పడితే ఎవరు ఒప్పుకుంటారు? నిమ్మ చెట్టు మొదలు దాకా మట్టి వస్తే చెట్టు చచ్చిపోతుంది. మీ బావకి దగ్గు. ఈ మూడు కారణాలూ చాలవంటే ఇంకో నాలుగు రాయగలను.

అసలు సంగతి కూడా రాస్తాను, నీ దగ్గర దాపరికం ఎందుకు. నీ బొమ్మ చూశాను. మూడు గదులు, వరండా, గాలికి ఎదురుగా కిటికీలు. నాకున్నవి రెండు గదులు, ఒక నడవ. ఆ నడవలో మిషను పెట్టుకుని పట్టపగలు లైటు వేసుకుని కుడతాను. నాన్న నన్ను ముందు కోరుకోమంటే చదునుగా ఉన్న ముక్క కోరుకున్నాను. అందరూ నన్ను తెలివైనదాన్నన్నారు. నువ్వు ఏమీ అనకుండా వాలు ముక్క తీసుకున్నావు, నిన్ను అమాయకురాలన్నారు. ఇప్పుడు ఆ అమాయకురాలు కొండను తవ్వించి, నా పక్కనే, నా ఎత్తులోనే, నాకంటే పెద్ద ఇల్లు కట్టి, తవ్విన మట్టి నా పెరట్లో పోస్తానంటోంది. నేను చేతులు కట్టుకుని చూడాలా?

కుళ్ళు అనుకుంటావు. అనుకో.

నీ మట్టి నా పెరట్లో వద్దు.

అక్క

*

నర్సుల క్వార్టర్స్.

అక్కకి,

నీ మూడు కారణాలూ, వాటి కింద రాసిన అసలు సంగతీ చదివాను. చివరిదొక్కటే నిజమని నీకూ తెలుసు.

లెవెల్ గారితో మళ్ళీ మాట్లాడాను. మీ వీధిలోకి లారీ తిరగదు, ట్రాక్టర్లే రావాలి. నేలలో ఉన్నప్పుడు కుదురుగా ఉన్న మట్టి తవ్వగానే పొంగుతుందట. కాగితం మీద వేసుకున్న ట్రిప్పులకంటే ఎప్పుడూ ఎక్కువే అవుతాయన్నారు. ఇక పారబోయడానికి చోటు ఊరి బయట ఎక్కడో ఉంది, అక్కడా ఊరికే పోయనివ్వరు. మోతా, వెనక గోడా కలిపితే పైకప్పు డబ్బంతా అందులోకే పోతుంది. అంటే గోడలు లేచాక నేను ఆకాశం కింద పడుకోవాలి.

ఇంకొక్కసారి అడుగుతున్నాను. దుమ్ము లేవకుండా నీళ్ళు కొట్టిస్తాను. చెట్టు చుట్టూ రాళ్ళు పేర్పించి మొదలు దాకా మట్టి రానివ్వను. నీ పెరడు ముందు ఎలా ఉందో అంతకంటే బాగా చేయించి ఇస్తాను.

కాదంటే చెప్పేయి. కోపం తెచ్చుకోను. ఆ స్థలం అలాగే వదిలేసి ఇక్కడే ఎక్కడో ఒక అద్దె గది చూసుకుంటాను.

నీ చెల్లి

*

కింది ఇల్లు.

చెల్లికి,

బెదిరిస్తున్నావా? అద్దె గది చూసుకుంటానంటే నేను గుండెలు బాదుకుంటాననుకున్నావు కాబోలు.

కాదనే చెబుతున్నాను. ఒకసారి కాదన్నాక మళ్ళీ అడిగితే అవుననే మనిషిని కాదు, నీకు తెలుసు. అయినా అంత పెద్ద ఇల్లు నీకెందుకు? ఒక్క మనిషివి. ఒక గది, ఒక వంటిల్లు వేసుకో. నీ ఆసుపత్రి గది కంటే అదే నయం. మూడు గదుల్లో ఏ గదిలో కూర్చోవాలో తేల్చుకునేసరికే నీకు పొద్దు పోతుంది.

మీ లెవెల్ గారు నిన్న వచ్చాడు. టీ ఇస్తే కప్పు పక్కన లెవెల్ పెట్టి నా బల్ల వాలుగా ఉందని చెప్పాడు. ఎవరు అడిగారు? మీ బావ ఆయన్ని చూసి చంటిపిల్లాడిలా మురిసిపోయి నేల గురించి, నీళ్ళ గురించి ఒకటే ప్రశ్నలు. నీ మట్టికి నేను ఒప్పుకోలేదని చెబితే మీ లెవెల్ గారు ఏమన్నాడో తెలుసా? మంచిదే అయింది, ఇప్పుడైనా కొండ మాట వినమనండి అన్నాడు. కొండను తవ్వకుండా, ఇంటినే మూడు ముక్కలు చేసి, మెట్లు మెట్లుగా వాలు మీద కూర్చోబెట్టొచ్చట. ఒక గది ఇక్కడ, దానికంటే కాస్త పైన ఇంకోటి, ఇంకాస్త పైన వంటిల్లు. కోళ్ళ గూడులాగా! వంటింట్లోంచి పడగ్గదికి దిగడానికి మెట్లు, పడగ్గదిలోంచి కూర్చునే గదికి దిగడానికి మెట్లు. వినడానికే నవ్వొచ్చింది. మా చెల్లి అంత పిచ్చిది కాదులెండి అన్నాను.

ఇదీ ఇక్కడి సంగతి. నీకు నవ్వు తెప్పించడానికి రాశాను.

అక్క

*

నర్సుల క్వార్టర్స్.

అక్కకి,

మీ చెల్లి అంత పిచ్చిదే. కోళ్ళ గూడే కడుతున్నాను.

నీ ఉత్తరం చదివిన రోజే ఆయనకి ఫోన్ చేశాను. మొదటిరోజే ఈ మాట చెబుదామనుకున్నారట, నేను చదును చదును అని గోల పెట్టేసరికి ఊరుకున్నారట. కొత్త బొమ్మ వేసి పంపారు. దీంట్లో కొండను తవ్వడమే లేదు, పునాది గుంటలు తప్ప. ఆ గుంటల్లోంచి వచ్చే రాళ్ళనే పేర్చి చిన్న చిన్న అడ్డుగోడలు వేస్తారు, ఒక్క పెద్ద గోడ అక్కర్లేదు. గుంటల మట్టి ఆ అడ్డుగోడల వెనకే సరిపోతుంది. ఒక్క ట్రాక్టరు మట్టి కూడా బయటికి పోదు. నీ పెరడు నీకు క్షేమం.

స్థలం కింది భాగం మరీ నిటారుగా ఉంది కాబట్టి ఇల్లంతా కొండ పైన ఉన్న రోడ్డు వైపు జరిపారు. సామానంతా పై రోడ్డు మీదే దించి, రేకుల మీదుగా కిందికి జారుస్తారు. పైకి మోయించడానికి కూలీ కావాలి గానీ కిందికి జారడానికి అక్కర్లేదు కదా. అన్నిటికంటే ముందు వాననీళ్ళ కాలవ తవ్విస్తున్నారు. ఇల్లు కట్టాక తీద్దామనుకున్న కాలవ ఎప్పుడూ తీయరట, వాన వచ్చి దాని దారి అదే తీసుకుంటుందట.

లెక్క వేశాను. పైకప్పు పడుతుంది. నువ్వు వద్దనడం వల్లే ఇది సాధ్యమైంది, ఇందులో ఎత్తిపొడుపేమీ లేదు.

మేస్త్రి వచ్చే వారం పని మొదలుపెడతాడు. నాకు అక్కడ కళ్ళు నువ్వే. ఎలా జరుగుతోందో రాస్తూ ఉండు. సిమెంటు బస్తాలు తడవకుండా చూడమని బావగారికి చెప్పు.

నీ చెల్లి

*

కింది ఇల్లు,
వానలు ఆగాక.

డాక్టరమ్మ గారికి,

చాలాకాలం రాయలేదని దెప్పుతూ మీ బావకి ఫోన్ చేశావట. ఏం రాయమంటావు? నీ ఇల్లు లేస్తోందని రాయాలా? దానికి నేనెందుకు, ఊళ్ళో ఎవరిని అడిగినా చెబుతారు.

నా గేటు ముందు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు నిలబడి ఉంటున్నారు. నా ఇంటి వైపు వీపు పెట్టి, తల పైకెత్తి నీ ఇల్లు చూస్తారు. నేను ఇల్లు కట్టినప్పుడు ఒక్క మనిషి ఆగి చూడలేదు. కిరాణా కొట్టు ఆవిడ సరుకులు కట్టడం ఆపి, మీ చెల్లెలికి ఎంత ఆలోచనో, నేలను పాడు చేయకుండా కట్టిస్తోంది అంది. నేను నవ్వాను. ఆ నవ్వు నవ్వేసరికి దవడలు నొప్పి పుట్టాయి. మేస్త్రి అయితే ఇన్నాళ్ళూ అగ్గిపెట్టెలే కట్టానమ్మా, ఇది ఇల్లు అన్నాడు. నా ఇల్లు కట్టిందీ ఆ మేస్త్రే. అంటే నాకు కట్టింది అగ్గిపెట్టె అన్నమాట. పైగా నా గుమ్మంలో నిలబడి, నా టీ తాగుతూ ఆ మాటన్నాడు.

మీ బావ కుర్చీ పెరట్లోకి మార్చుకున్నారు. పొద్దున్నే పేపరు తీసుకుని అక్కడ కూర్చుంటారు, పేపరు ఒళ్ళో ఉంటుంది, చూపు పైన ఉంటుంది. పెళ్ళైన కొత్తలో కూడా నన్ను అంతసేపు చూసిన గుర్తు లేదు.

వానల్లో ఏదైనా కూలుతుందేమోనని చూశాను. చూశాను అని రాస్తున్నాను, ఏమనుకుంటావో అనుకో. నీళ్ళు బుద్ధిగా కాలవలోకి దిగి పక్క వాగులో కలిశాయి. నా పెరట్లో మాత్రం ఎప్పటిలాగే నిలిచాయి. కప్పలు అరుస్తుంటే నీ మట్టి గుర్తొచ్చి ఇంకా ఒళ్ళు మండింది.

ఇంకోటి. నీ కింది గదికి పెద్ద కిటికీ పెట్టారు. అది తిన్నగా నా పెరట్లోకి చూస్తుంది. నేను ఆరేసే చీరలు, మీ బావ చిరిగిన బనీన్లు, మేం పోట్లాడుకునే పోట్లాటలు, అన్నీ నీకు పైనుంచి కనబడతాయి. కావాలనే పెట్టించావు కదా? చిన్నప్పటి నుంచీ నీకు నోరు చిన్నది, కళ్ళు పెద్దవి. వెలుతురంతా ఆ గదిలోకే పోతోంది. మధ్యాహ్నం చూస్తే లోపల గోడ మీద ఎండ ఎంత కుదురుగా పడుతోందో. నేను ఇక్కడ నడవలో లైటు కింద సూదిలోకి దారం ఎక్కించలేక చస్తున్నాను.

నువ్వు పైన, నేను కింద. ఇదేగా నీకు కావాల్సింది. మోకాళ్ళ నొప్పులతో నేను ఆ మెట్లు ఎక్కి రాలేనని కూడా నీకు బాగా తెలుసు.

అక్క

*

నర్సుల క్వార్టర్స్.

అక్కకి,

నీ ఉత్తరం అందాక చాలా రోజులు జవాబు రాయలేదు. రాస్తే ఏం రాస్తానోనని భయపడ్డాను. ఇప్పుడు రాయాల్సిందే రాస్తున్నాను.

మొదటి బొమ్మ నీ దగ్గర ఉంటే తీసి చూడు. నీ పెరటి గోడకి ఆనుకుని ఒక గది ఉంటుంది. దానికి రెండు తలుపులు. ఒకటి నా వరండాలోకి, ఇంకోటి నీ పెరట్లోకి. కిటికీ ఎండ పడే వైపు పెట్టమన్నాను. అది నా గది కాదు. నీ మిషనుకి వేయించిన గది. నువ్వు నడవలో లైటు వేసుకుని కుట్టడం నేను సెలవుకి వచ్చిన ప్రతిసారీ చూస్తూనే ఉన్నాను. నీ మోకాళ్ళకి ఒక్క మెట్టు కూడా అడ్డు ఉండకూడదని కొండనంతా నీ పెరటి ఎత్తుకి తవ్వించమన్నాను. లెవెల్ గారు తల అడ్డంగా ఊపింది, నేను మొండికేసింది దానికే. ఖర్చు పెరిగింది కూడా దానికే.

ముందే చెప్పి ఉండాల్సింది. చెబితే నీ జాలి ఎవడిక్కావాలి అంటావని, కట్టాక తాళం చేతిలో పెడదామనుకున్నాను.

నువ్వు మట్టి వద్దన్నావు. ఇల్లు పైకి జరిగింది. గది ఉంది, కిటికీ ఉంది, కానీ నీ పెరటికీ దానికీ మధ్య మెట్ల వరస పడింది. కిటికీ నీ బనీన్లు చూడటానికి పెట్టించలేదు. మొదటి బొమ్మలో ఎటు ఉందో అటే వదిలేశాను, అంతే.

ఇప్పుడు ఖర్చు సంగతి. పైకప్పు పడింది గానీ నేలకి గచ్చు, తలుపులు మిగిలాయి. డబ్బు అడుగంటింది. అందుకే కింది గదిని అద్దెకి ఇద్దామనుకుంటున్నాను. ఇక్కడ క్వార్టర్స్‌లో నా గదిలో ఉండే ఆవిడ కూడా నాతోపాటే రిటైరవుతుంది. మంచి మనిషి, చేతి పనులంటే ఇష్టం. ఆ కిటికీ దగ్గర కూర్చుని అల్లికలు చేసుకుంటానంటుంది. నీకు కాలక్షేపం కూడా. ఆవిడ నిన్ను అక్కా అనే పిలుస్తుంది.

నీ చెల్లి

*

కింది ఇల్లు.

చెల్లికి,

మొదటి బొమ్మ తీసి చూశాను. బట్టల కొలతలు తీసుకునే టేపు పెట్టి ఆ గది కొలిచాను. మిషను పెట్టాక కత్తిరింపు బల్లకి కూడా చోటు మిగులుతుంది.

ఆ రోజు వంట చేయలేదు. మీ బావే ఏదో వండారు.

మర్నాడు పైకి వెళ్ళాను. అవును, ఆ మెట్లే. ఒక్కో మెట్టు మీద కూర్చుని, చేతులతో లేచి, మళ్ళీ కూర్చుని. మీ బావ వెనక నుంచి పట్టుకోబోతే వద్దన్నాను. మేస్త్రి పని ఆపి చూస్తుంటే నీ పని చూసుకోమన్నాను. కింది గదిలోకి వెళ్ళి నిలబడ్డాను. నేల ఇంకా గచ్చు లేకుండా ఉంది. కిటికీ దగ్గర ఎండలో చెయ్యి పెట్టి చూశాను. లైటు లేకుండా నా చేతి గీతలు కనబడ్డాయి. ఆ వెలుతురులో నల్లగుడ్డ మీద నల్లదారం కూడా కుట్టొచ్చు. అక్కడే కూర్చుని ఏడ్చాను. నీ మంచితనానికి కరిగిపోయి ఏడ్చాననుకోకు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ ఈ కిటికీ దగ్గర కూర్చుని అల్లికలు అల్లుకుంటుందని, నువ్వు వంటింట్లోంచి ఆవిడతో కబుర్లు చెబుతావని, నేను కింద బనీన్లు ఆరేసుకుంటూ ఆ నవ్వులు వినాలని ఏడ్చాను. నీ ఇంటిని చూసి పడ్డ కుళ్ళు దీని ముందు ఏ మూలకీ చాలదు.

ఇక విను.

లెవెల్ గారిని పిలిపించాను. నా పెరట్లోంచి నీ కింది గది గుమ్మం దాకా మెట్లు లేకుండా దారి కావాలన్నాను. వంకర తిప్పుతూ మెల్లగా ఎక్కించాలట, లేకపోతే మోకాళ్ళకి మెట్లకంటే ఎక్కువ నొప్పి అట. అంత మెల్లగా ఎక్కాలంటే పొడుగు కావాలి, ఆ పొడుగు నీ స్థలంలో లేదు. అందుకని దారి నా పెరట్లో సగం దాకా వస్తుంది. రానీ. పెరటి గోడ కొట్టించేశాను. నిమ్మ చెట్టు పక్కకి జరిపి నాటించాను, బతికితే బతుకుతుంది.

ఆ దారి కింద నింపడానికి మట్టి కావాలి. నీ దగ్గర ఒక్క బుట్ట మట్టి లేదు, అంతా అడ్డుగోడల వెనక సర్దేశారు. ఊరి బయట ఎవరో కొండ తవ్వుతుంటే అక్కడ కొన్నాను. కొనడం, మోయించడం, దిమ్మిసతో అణగగొట్టించడం, అన్నీ నావే. మిషను మార్చుకుందామని దాచిన డబ్బు అందులో పోయింది. ఊరికే వస్తానన్న మట్టిని వద్దని, డబ్బు పోసి మట్టి కొన్న మనిషి ఈ వీధిలో నేనొక్కదాన్నే. ట్రాక్టరు వాడు ఇంత మట్టి ఎందుకమ్మా అని అడిగాడు. నా పొగరు పూడ్చడానికి అన్నాను. మీ బావ అంతగా నవ్వడం ఈ మధ్య చూడలేదు.

దారి ఖర్చు నీ లెక్కల్లో రాయకు. అది నాది.

కింది గది అద్దెకి ఇస్తానన్నావు కదా, నేనే తీసుకుంటున్నాను. ఆవిడ ఎంత ఇస్తానందో అంతా ఇస్తాను. నాకు నువ్వు ఊరికే ఇవ్వక్కర్లేదు, ఊరికే ఇస్తానన్నది నేను వద్దన్నాను, అది అయిపోయింది. గచ్చు కూడా నేనే వేయిస్తాను. ఆవిడకి రావద్దని చెప్పు. ఎలా చెబుతావో నాకు అనవసరం. గదిలో పాము ఉందని చెప్పు. మీ అక్క రాక్షసి అని చెప్పు, అది అబద్ధం కూడా కాదు.

ఆవిడ నన్ను అక్కా అనక్కర్లేదు. నాకు చెల్లెలు ఉంది.

అక్క

*

నర్సుల క్వార్టర్స్.

అక్కకి,

అద్దె సంగతి ఎదురుగా కూర్చుని పోట్లాడుకుందాం. ముందు ఇది చదువు. నిలబడి ఉంటే కూర్చో.

ఆవిడ రావడం లేదు. ఆవిడను నేను అసలు అడగనే లేదు. ఆ గది ఎవరికీ ఇవ్వాలనుకోలేదు. తలుపులు లేకుండా ఒక ఏడాది గడిపేద్దామనుకున్నాను.

నేను బతిమాలితే నువ్వు బిగుసుకుంటావు, అది మట్టితోనే తెలిసింది. గది నీకోసమే అని రాసి ఊరుకుంటే, మెట్లు ఎక్కలేనులే అని ముఖం తిప్పుకుని కూర్చునేదానివి. ఇంకొకళ్ళకి ఇస్తున్నానంటే మాత్రం మంచం మీద ఉన్నా లేచి వస్తావు. ఎవరికి ఏ మందు పనిచేస్తుందో చూసి ఇవ్వడం నా ఉద్యోగం. మట్టి కొంటావని, గోడ కొట్టిస్తావని మాత్రం నేను అనుకోలేదు. పైకి ఒక్కసారి వచ్చి గది చూస్తావనుకున్నాను, అంతే. ఎంత తిట్టినా పడతాను.

కానీ ఆవిడ గురించి రాసిందంతా అబద్ధం కాదు. ఆవిడ ఉంది, మాది ఒకే గది. ఆవిడకి ఒక అక్క ఉంది. ఆదివారం వచ్చిందంటే ఆ అక్క సంచి పట్టుకుని దిగిపోతుంది. ఇద్దరూ మంచం మీద కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఊళ్ళో వాళ్ళందరి మీదా చాడీలు చెప్పుకుని, ఒకళ్ళ నోట్లోది ఒకళ్ళు లాక్కుని తింటారు. నన్నూ రమ్మని పిలుస్తారు. నేను డ్యూటీ ఉందని చెప్పి బయటికి వెళ్ళిపోతాను. డ్యూటీ ఉండదు. ఆసుపత్రి వెనక బెంచీ మీద కూర్చుని, ఆ అక్క బస్సెక్కేదాకా కాచుకుంటాను. ఇన్నేళ్ళూ అలాగే చేశాను. ఆవిడ చీరలు చూసి గానీ, నగలు చూసి గానీ నాకు ఎప్పుడూ ఏమీ అనిపించలేదు. ఆ ఆదివారాలు చూస్తేనే కడుపు మండిపోయేది. ఇల్లు కట్టాలని, అది నీ ఎత్తులోనే ఉండాలని ఆ బెంచీ మీదే అనుకున్నాను.

ఈ ఆదివారం కూడా వాళ్ళ అక్క వస్తుందట. నాకు డ్యూటీ లేదు. నేను నీ దగ్గరికి వస్తున్నాను.

నీ చెల్లి